బిడ్డ కోలుకున్నాడు – మరి ఆడుకునే స్థలం?

బిడ్డ మంచం పక్కన కూర్చుని మీరు ఈ పుస్తకం చదువుతున్నారేమో. బిడ్డ కాలికి కట్టు ఉండవచ్చు. లేదా నాలుగు రోజుల జ్వరం ఇప్పుడే తగ్గుముఖం పట్టి ఉండవచ్చు. "ఇంటికి ఎప్పుడు పంపిస్తారండీ?" అని మీరు రోజూ అడుగుతుంటారు. బిడ్డ అడిగేది మాత్రం వేరే ప్రశ్న: "ఆడుకోవడానికి ఎప్పుడు వెళ్ళొచ్చు?"

ఈ రెండో ప్రశ్నకు జవాబు మందుల చీటీలో దొరకదు. గాయం మానిన కాలు మళ్ళీ అదే గాజు పెంకుల మీదకు, జ్వరం తగ్గిన ఒళ్ళు మళ్ళీ అదే దోమల మధ్యకు వెళ్తే, మనం చేయించిన చికిత్స సగంలోనే ఆగినట్టు. మిగిలిన సగం మీ వీధిలో ఉంది. దాన్ని పూర్తి చేయవలసింది మీరూ, మీ ఇరుగుపొరుగువారే.

"ఇక గడప దాటనివ్వం" అనకండి

పిల్లవాడికి దెబ్బ తగిలాక చాలా ఇళ్ళలో వినిపించే మాట ఇది. భయం సహజమే. కానీ 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్ళు అలిసేలా ఆట, శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పరుగెత్తడం, గెంతడం వల్ల ఎముకలు, కండరాలు గట్టిపడతాయి. నిద్ర బాగా పడుతుంది. తోటి పిల్లలతో సర్దుకుపోవడం, ఓడిపోయినా మళ్ళీ ఆడటం అలవాటవుతాయి. ఇంట్లో కూర్చోబెట్టి చేతికి ఫోను ఇస్తే ఇవేవీ రావు. మాన్పించవలసింది ఆటను కాదు. ఆ స్థలంలో ఉన్న ప్రమాదాన్ని తీసివేయాలి.

మొదటి మెట్టు: కళ్ళతో పరిశీలించండి

చీపురు పట్టుకోవడానికి ముందు ఒక సాయంత్రం ఇద్దరు ముగ్గురు పెద్దలు కలిసి ఆ స్థలమంతా నెమ్మదిగా నడవండి. కనిపించిన ప్రతిదీ ఒక కాగితం మీద రాసుకోండి.

1. మేకులు, రేకు ముక్కలు, గాజు పెంకులు: తుప్పు వల్ల ధనుర్వాతం వస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ వ్యాధి క్రిమి మట్టిలో, పశువుల పేడలో ఉంటుంది. తుప్పు పట్టిన మేకైనా, కొత్త మేకైనా, ముల్లైనా లోతుగా గుచ్చుకుంటే ఆ క్రిమి లోపలికి చేరవచ్చు.

2. నీరు నిలిచే వస్తువులు: పాత టైర్లు, కొబ్బరి చిప్పలు, ప్లాస్టిక్ కప్పులు, పగిలిన కుండలు. డెంగీని మోసే దోమ ఇలాంటి నీటిలోనే గుడ్లు పెడుతుంది. గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి దాదాపు 7 నుంచి 10 రోజులు చాలు. ఈ దోమ పగటిపూట కుడుతుంది, అంటే పిల్లలు ఆడుకునే వేళలోనే.

3. మల విసర్జన జరిగే మూలలు: కొంకి పురుగు పిల్లలు అక్కడి తేమ మట్టిలో పెరిగి, చెప్పులు లేని పాదాల చర్మం గుండా లోపలికి వెళ్తాయి. పేగుల్లో చేరి రక్తం పీలుస్తాయి. బిడ్డ పాలిపోయి, నీరసంగా ఉండటానికి ఇది ఒక కారణం.

4. రాళ్ళ కుప్పలు, ఏపుగా పెరిగిన గడ్డి: ఎలుకలు చేరతాయి, వాటి కోసం పాములు వస్తాయి.

5. వయ్యారిభామ మొక్కలు: కొన్ని ఊళ్ళలో కాంగ్రెస్ గడ్డి అంటారు. తెల్లటి చిన్న పూలు పూస్తాయి. దీనివల్ల కొందరికి చర్మం మీద దద్దుర్లు, దురద, తుమ్ములు, ఆయాసం వస్తాయి.

6. మూత లేని గుంతలు, వాడని బోరు బావులు, వేలాడే కరెంటు తీగలు: వీటి జోలికి మీరు వెళ్ళవద్దు. వెంటనే సంబంధిత కార్యాలయానికి రాతపూర్వకంగా తెలియజేయండి. ఆ పని అయ్యేదాకా చుట్టూ ముళ్ళకంప గానీ తాడు గానీ కట్టి, పిల్లలను దరిచేరనివ్వకండి. వదిలేసిన బోరు బావులను పూడ్చి మూసివేయాలని సుప్రీంకోర్టు 2010లోనే మార్గదర్శకాలు ఇచ్చింది.

రెండో మెట్టు: అడిగి మొదలుపెట్టండి

స్థలం ఎవరిదో తెలుసుకోండి. పంచాయతీదా, మున్సిపాలిటీదా, బడిదా, ప్రైవేటు వారిదా? అనుమతి కోరుతూ ఒక చిన్న అర్జీ రాసి, దాని నకలు మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. అదే అర్జీలో చెత్త ఎత్తడానికి బండి కావాలని, ఏ రోజు కావాలో కూడా రాయండి. బండి మాట ముందుగా తేలకపోతే, మీరు ఊడ్చిన కుప్ప అక్కడే వారం రోజులు ఉండి మళ్ళీ మైదానమంతా పరుచుకుంటుంది.

దగ్గరలో కాలేజీ ఉంటే అక్కడి ఎన్.ఎస్.ఎస్. విభాగాన్ని అడగండి. విద్యార్థులతో సేవా కార్యక్రమాలు చేయించడానికే ఆ పథకం 1969లో మొదలైంది. స్వయం సహాయక సంఘాల మహిళలను, ఆశా కార్యకర్తను, అంగన్‌వాడీ టీచరును పిలవండి. ఆ స్థలం పక్కనే ఉండే ఇళ్ళవారిని తప్పకుండా పిలవండి. చెత్త వేసేది వారేనని మీకు అనుమానం ఉన్నా నిందించకండి. "మీ పిల్లలూ ఇక్కడే ఆడతారు కదా, మీరూ రండి" అనండి. తాము శుభ్రం చేసిన చోట మళ్ళీ చెత్త వేయడానికి ఎవరికైనా మనసొప్పదు.

మూడో మెట్టు: పని చేసే రోజు

ఉదయం 6 గంటలకు మొదలుపెట్టి ఎండ ముదరక ముందే ముగించండి. తాగే నీరు, సబ్బు, చేతులు కడుక్కోవడానికి బకెట్టు నీళ్ళు సిద్ధంగా ఉంచండి. అందరూ మూసి ఉండే బూట్లు, నిండు చేతుల చొక్కా, మందపాటి చేతి తొడుగులు వేసుకోవాలి. ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోవాలి.

• గడ్డిలో, రాళ్ళ కుప్పలో నేరుగా చేయి పెట్టవద్దు. ముందు పొడుగాటి కర్రతో కదిలించండి, తర్వాత పార వాడండి.
• గాజు, మేకులను చేత్తో ఏరవద్దు. చీపురు, చేటలాంటి రేకుతో ఎత్తి రేకు డబ్బాలో వేయండి. గోనెసంచిలో వేస్తే మోసేవారి కాళ్ళకు గుచ్చుకుంటాయి.
• వాడి పారేసిన ఇంజెక్షన్ సూదులు కనిపిస్తే పట్టకారుతో తీసి మూత ఉన్న గట్టి డబ్బాలో వేసి, దగ్గరలోని ఆసుపత్రిలో అప్పగించండి. సూదికి మూత పెట్టే ప్రయత్నం చేయవద్దు.
• వయ్యారిభామను పూత రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు వేళ్ళతో సహా పీకండి.
• చెత్తకు నిప్పు పెట్టవద్దు. ప్లాస్టిక్, టైర్లు కాలిన పొగ విషంతో సమానం. ఉబ్బసం ఉన్నవారికి ఆ పొగ మరీ ప్రమాదం.
• చెత్త తీయకుండా పైన బ్లీచింగ్ పొడి చల్లితే చూడటానికి తెల్లగా ఉంటుందే తప్ప ఉపయోగం తక్కువ. మురికిలో దాని శక్తి త్వరగా పోతుంది. దాన్ని యాసిడ్‌తో ఎప్పుడూ కలపకండి, విషవాయువు పుడుతుంది.

పిల్లలు కూడా వస్తామంటారు. రానివ్వండి, కానీ గాజు, సూదులు, పొదలు ఉన్న వైపు వద్దు. మొక్కలకు నీళ్ళు పోయడం, గోడకు సున్నం వేయడానికి సాయపడటం, బోర్డు మీద బొమ్మలు వేయడం వారికి ఇవ్వండి. చక్కెర వ్యాధితో పాదాల స్పర్శ తగ్గినవారు, ఒంటి మీద మానని పుండ్లు ఉన్నవారు, ఉబ్బసం ఉన్నవారు, గర్భిణులు చెత్త ఎత్తే పనిలోకి దిగకూడదు. అర్జీ రాయడం, మజ్జిగ కలిపి అందించడం, లెక్క చూసుకోవడం కూడా సేవే.

ఎవరికైనా దెబ్బ తగిలితే

గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో బాగా కడగండి. పసుపు, కాఫీ పొడి, సున్నం, పేడ పెట్టకండి. శుభ్రమైన గుడ్డ కట్టి ఆసుపత్రికి తీసుకురండి. ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించారో చెప్పండి. పిల్లలకు చిన్నతనంలో వేసే టీకాలతో పాటు 10 ఏళ్ళకు, 16 ఏళ్ళకు టీడీ టీకా వేయించాలి.

కుక్క కరిచినా, గీరినా గాయాన్ని సబ్బు నీటితో 15 నిమిషాలు కడిగి అదే రోజు రండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికించడం దాదాపు అసాధ్యం. టీకాలు సకాలంలో, డాక్టరు చెప్పిన రోజుల్లో అన్నీ వేయించుకుంటే దాన్ని ఆపవచ్చు.

పాము కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, తాడు బిగించడం చేయవద్దు. నాటు వైద్యం పేరుతో సమయం పోగొట్టవద్దు. ధైర్యం చెప్పి, కరిచిన కాలిని గానీ చేతిని గానీ కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేయండి.

వాడిన సూది గుచ్చుకుంటే ఆ చోటును పిండకుండా సబ్బుతో కడిగి వెంటనే రండి. హెచ్.ఐ.వి. రాకుండా మందులు అవసరమైతే వాటిని కొన్ని గంటల్లోనే, ఎట్టి పరిస్థితిలోనూ 72 గంటలలోపు మొదలుపెట్టాలి.

నాలుగో మెట్టు: బాగుచేయడం

శుభ్రం చేశాక స్థలాన్ని ఆటకు తగినట్టు మలచాలి. ఉయ్యాల, జారుడుబల్ల కింద సిమెంటు గచ్చు ఉంటే పడిన పిల్లవాడి తలకు పెద్ద దెబ్బ తగులుతుంది. అక్కడ కనీసం ఒక అడుగు లోతున మెత్తటి ఇసుక పోయండి. గట్టిపడకుండా అప్పుడప్పుడు తిరగవేయండి. రాత్రిపూట కుక్కలు, పిల్లులు పాడు చేయకుండా పట్టా కప్పండి. ఉయ్యాల చుట్టూ ఆరు అడుగుల మేర ఖాళీ వదలండి.

గొలుసులు, కొక్కేలు అరిగాయేమో చూసి, పెద్దవాళ్ళు గట్టిగా లాగి పరీక్షించాకే పిల్లలను ఎక్కించండి. బయటికి పొడుచుకు వచ్చిన బోల్టులు కోయించండి. చున్నీ, మెడలో తాడు చిక్కుకునే ప్రమాదం ఉంది కాబట్టి వాటిని తీసి ఆడుకోమనండి. ఇనుప జారుడుబల్ల ఎండకు కాలుతుంది, ముందు మీ అరచేయి ఆనించి చూడండి. పెచ్చులూడే పాత రంగుల్లో సీసం ఉండవచ్చు. అది పిల్లల మెదడుకు హాని చేస్తుంది. పొడిగా గీకి దుమ్ము లేపకండి. తడిపి గీకించి, పెచ్చులన్నీ ఏరివేయండి. 2017 నవంబరు నుంచి మన దేశంలో ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన అమల్లో ఉంది. డబ్బా మీద ఆ వివరం చూసి కొనండి.

నీడకు వేప, కానుగ నాటండి. గేటు దగ్గర మెట్టు ఉంటే దాని పక్కన వాలుగా ఒక దారి వేయించండి. కాలికి కట్టుతో, చక్రాల కుర్చీలో వచ్చే బిడ్డ కూడా లోపలికి రాగలగాలి. ఆసుపత్రి నుంచి వెళ్ళిన బిడ్డ గేటు బయట ఉండి తోటివారి ఆట చూడవలసి రావడం చాలా బాధ.

ఐదో మెట్టు: నిలబెట్టుకోవడం

చాలా చోట్ల మొదటి రోజు ఫోటోలు దిగుతారు, మూడో నెలకు మళ్ళీ గడ్డి, సీసాలు. ఒక్క రోజు శ్రమదానం కంటే వారానికి అరగంట ఎక్కువ మేలు చేస్తుంది. దోమ ఎదగడానికి వారం పైన పడుతుంది కాబట్టి వారానికి ఒకసారి నీళ్ళు పారబోస్తే చాలు, ఆ తరం దోమలు పుట్టవు. దోమ గుడ్లు ఎండిన పాత్ర అంచుకు అతుక్కుని నెలల తరబడి బతికి ఉంటాయి. అందుకే తొట్లు, డబ్బాలు ఒంపడమే కాక లోపలి వైపు రుద్ది కడగాలి. శుక్రవారాన్ని "డ్రై డే"గా పెట్టుకోమని ఆరోగ్య సిబ్బంది చెప్పేది ఇందుకే.

వారానికి రెండు ఇళ్ళ చొప్పున వంతు వేసుకోండి. పేర్లు ఒక బోర్డు మీద రాయండి. మూత ఉన్న చెత్త డబ్బా ఒకటి పెట్టండి. నులిపురుగుల నివారణ దినాలైన ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల్లో పిల్లలందరికీ బడిలోనో అంగన్‌వాడీలోనో మాత్ర అందిందో లేదో కనుక్కోండి.

ఇప్పుడు మీరు చేయగలిగింది

రోగి పక్కన రాత్రింబవళ్ళు ఉన్న మీకు ఇప్పుడు పార పట్టే ఓపిక ఉండదు. అది ఎవరూ మీ నుంచి ఆశించరు. కానీ ఒక పని చేయవచ్చు. బిడ్డకు దెబ్బ ఎక్కడ, దేనివల్ల తగిలిందో ఇంటి దగ్గర ఉన్నవారికి ఫోన్ చేసి చెప్పండి. ఆ మేకును, ఆ టైరును ఈరోజే తీయించమనండి. మీ బిడ్డను కాపాడటానికి ఆ కబురు ఆలస్యమైంది. పక్కింటి బిడ్డకు మాత్రం ఇంకా సమయం ఉంది.

ఆలోచించండి – ఇంట్లో చర్చించండి

1. మా పిల్లలు ఆడుకునే చోట నేను చివరిసారి ఎప్పుడు నడిచాను?
2. అక్కడ ఈ వారమే తీసివేయగలిగిన ప్రమాదం ఏది?
3. నాతో కలిసి రాగల ఇద్దరు ఎవరు?
4. మా పిల్లల టీకాల కార్డు ఎక్కడ ఉంది? అందులో మిగిలిపోయిన టీకా ఏమైనా ఉందా?