జీతగాని ప్రార్థన, బిడ్డ ప్రార్థన

చదువవలసిన భాగములు: లూకా 15:11–32, రోమా 8:14–17



దేవుడు మన తండ్రి అని మనమందరము ఒప్పుకొనుచున్నాము. ప్రభువు నేర్పిన ప్రార్థన ఆ పిలుపుతోనే మొదలగును. అయితే నోటితో తండ్రీ అని పిలుచుచు, హృదయములో ఆయనను కామందుగా ఎంచువారు మనలో అనేకులు కలరు. ఈ భేదమును నేటి పాఠములో నెమ్మదిగా ఆలోచింతము.

1. జీతగాని లెక్క

మన పెద్దల కాలములో కామందు యింట ఏడాదికి కుదిరిన పాలేరు ఎట్లుండెనో మీలో వృద్ధులు ఎరుగుదురు. తెల్లవారకమునుపే అతడు పశువుల కొట్టములో ఉండవలెను. నాగా పెట్టిన దినమునకు జీతములో కోత పడును. ఏడాది నిండి గింజలు కొలిచి యిచ్చినతోడనే సంబంధము తీరిపోవును. కామందు మనస్సులో ఏమున్నదో అతనికి అక్కరలేదు. ఆయన కోపపడకున్న చాలును.

మన ప్రార్థనలు కొన్ని ఇట్లే ఉన్నవి. ఆరాధనకు రాని ఆదివారమును నాగాగా లెక్కించుకొందుము. చందా ఇయ్యని నెలలో ఎద్దుకు జబ్బు చేసినయెడల, దేవుడు కోత పెట్టెనని భయపడుదుము. బిడ్డను పోగొట్టుకొన్న తల్లియొద్దకు పోయి, ఏదో మ్రొక్కుకొని మరచితివేమో అని అడుగువారును కలరు. ఆ మాట ఆమె దుఃఖముమీద మరియొక రాయి పెట్టును. పుట్టు గ్రుడ్డివానిని చూచి శిష్యులును అట్టి లెక్కయే వేసిరి. ఆ కష్టమునకు అతని పాపముగాని అతని కన్నవారి పాపముగాని కారణము కాదని ప్రభువు వారికి తెలియజేసెను (యోహాను 9వ అధ్యాయము).

2. తండ్రి వినని మాట

తప్పిపోయిన కుమారుని ఉపమానము మనకు కంఠపాఠమే. అయినను ఒక సంగతి గమనింపుడి. ఆ చిన్నవాడు దూరదేశములో ఉండగానే తండ్రితో చెప్పవలసిన మాటలను కూర్చుకొనెను. అవి మూడు: తాను పాపము చేసెననియు, కుమారుడని పిలువబడుటకు తగడనియు, తనను కూలివానిగా పెట్టుకొనవలెననియు. ఇప్పుడు 18, 19 వచనములను 21వ వచనముతో పోల్చి చూడుడి. మొదటి రెండు మాటలను అతడు పలికెను. మూడవది అక్కడ లేదు. తండ్రి అప్పటికే పరుగెత్తి వచ్చి కౌగిలించుకొనియుండెను. వెంటనే వస్త్రమును, ఉంగరమును, చెప్పులను తెప్పించెను. పాపపు ఒప్పుకోలును ఆయన వినెను. కూలి బేరమును మాత్రము విననేలేదు.

పెద్దవాని సంగతి ఇంకను విచారకరము. అతడు ఇల్లు విడువలేదు. అయినను తన ఏండ్లను పాలేరువలె లెక్కించి, మేకపిల్ల దొరకలేదని అలిగి బయటనే నిలిచెను. తండ్రి అతనికొరకును వెలుపలికి వచ్చి బతిమాలుకొనెను. సంఘములోనే పుట్టి పెరిగిన మనము, మనమెక్కడ నిలిచియున్నామో చూచుకొనవలెను.

అట్లయిన బిడ్డకు పని లేదా? ఉన్నది. కుమారుడును పొలమునకు పోవును. పాలేరుకంటె ముందే పోవును. కోత పడునని కాదు, ఆ చేను తన తండ్రిదని.

3. అబ్బా అను పిలుపు

"అబ్బా" అనునది యూదుల యిండ్లలో తండ్రిని పిలిచిన అరామిక్ మాట. క్రొత్త నిబంధనలో అది మూడు చోట్ల మాత్రమే ఉన్నది: మార్కు 14:36, రోమా 8:15, గలతీ 4:6. భాషలు వేరైనను, మన తెలుగులోను అబ్బ అనగా తండ్రియే. కాలికి ముల్లు గ్రుచ్చుకొన్నప్పుడు, నడుము నొచ్చినప్పుడు మన నోట తనంతట వచ్చునది ఆ మాటయే.

ప్రభువు దానిని గెత్సేమనేలో, మిక్కిలి వేదనపడిన రాత్రి పలికెను. ఆయన అడిగినను ఆ గిన్నె తొలగిపోలేదు. అందువలన ఆయన కుమారుడు కాకపోలేదు. సిలువమీద తుది ఘడియలోను తండ్రినే పిలిచి, తన ఆత్మను ఆయనకే అప్పగించెను (లూకా 23:46). కాబట్టి అడిగినది దొరకనప్పుడు, దేవుడు మనలను ఇంటినుండి వెళ్లగొట్టెనని తలంచరాదు.

తండ్రి అనగానే, త్రాగి వచ్చి కొట్టిన చేయి జ్ఞాపకము వచ్చువారును మన సంఘములలో ఉన్నారు. అట్టివారు ఆ తండ్రినిబట్టి దేవుని కొలువకుందురు గాక. హోషేయ 11వ అధ్యాయమును చదువుడి. అక్కడ దేవుడు బిడ్డకు నడక నేర్పి, ఎత్తుకొని పెంచినవాడుగా కనబడుచున్నాడు. తండ్రి అను మాటకు అర్థము ఆ చేతులయొద్ద నేర్చుకొనుడి. ఇండ్లలో తండ్రులైన మీరును జ్ఞాపకముంచుకొనుడి: మీ పిల్లలు ఆ మాటను మొదట నేర్చుకొనునది మీయొద్దనే.

కుటుంబ ప్రార్థనకు

ఈ నెలలో ఒక సాయంకాలము దేవుని ఏమియు అడుగక, ఏమియు మ్రొక్కుకొనక ప్రార్థించుడి. ఆ దినమున పొలములో జరిగినది, యింటిలోని బాధ, చేసిన తప్పు, కలిగిన సంతోషము, అన్నియు బిడ్డ తండ్రితో చెప్పునట్లు చెప్పుడి. పిమ్మట ఈ రెండు ప్రశ్నలను ఒకరినొకరు అడుగుకొనుడి: కష్టము వచ్చినప్పుడు నేను మొదట లెక్క చూచుకొందునా, తండ్రిని పిలుతునా? కష్టములోనున్న పొరుగువానితో నేను పలుకు మాట కామందు మాటయా, తండ్రి మాటయా?