కార్యాలయపు గుమ్మంలో సమాచార ఫలకం

పరిచయం లేని కార్యాలయంలో అడుగుపెట్టిన మనిషికి మూడు సందేహాలు కలుగుతాయి. రావలసిన చోటికే వచ్చానా? ఎవరిని, ఏ గదిలో కలుసుకోవాలి? ఎంతసేపు వేచి ఉండాలి? రిసెప్షన్ గదిలో అమర్చే డిజిటల్ సమాచార ఫలకం ఈ మూడింటికీ సమాధానం చెప్పాలి. పిల్లలను చూడవచ్చి, ఇక్కడి ఉచ్చారణ అర్థం కాక ఎదుటివారిని అడగడానికే జంకే మన పెద్దలకు ఆ ఫలకమే దిక్కు. దానిని ప్రకటనలతో నింపివేస్తే అది అలంకారమే తప్ప ఉపకరణం కాదు.

ఎంత పెద్ద ఫలకం కొనాలన్న ప్రశ్నకు ముందు, దానిని ఎంత దూరం నుండి చదవాలో నిర్ణయించుకోవాలి. 1862లో డచ్ నేత్రవైద్యుడు హెర్మన్ స్నెల్లెన్ రూపొందించిన కంటి పరీక్ష పటం ఇందుకు ఆధారం. దాని లెక్క ప్రకారం 6 మీటర్ల దూరం నుండి సాధారణ దృష్టి గుర్తించగల ఆంగ్ల అక్షరం ఎత్తు సుమారు 9 మిల్లీమీటర్లు. అది కంటి శక్తికి చివరి హద్దు. శ్రమ లేకుండా చదవాలంటే 3 సెంటీమీటర్లయినా ఉండాలి. తెలుగుకు అదీ చాలదు. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరంలోనే గుడిదీర్ఘం, తవత్తు, రవత్తు ఇమిడి ఉన్నాయి. కనుక మన లిపికి ఇంకా పెద్ద పరిమాణం, వరుసల నడుమ ఎక్కువ ఎడం అవసరం.

ఇక ఫలకంలోని పదార్థం సంగతి. 1888లో ఆస్ట్రియా వృక్షశాస్త్రజ్ఞుడు ఫ్రెడ్రిక్ రైనిట్జర్, కొలెస్టరిల్ బెంజోయేట్ 145.5 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగి మసక ద్రవమై, 178.5 డిగ్రీల వద్ద తేటపడడం గమనించాడు. ఆ మధ్య స్థితే ద్రవస్ఫటికం. అందులోని అణువులు ద్రవంలా కదులుతూనే స్ఫటికంలా ఒక క్రమాన్ని పాటిస్తాయి. విద్యుత్తు సోకితే వాటి దిశ మారుతుంది. తెర వెనుకనుండి వచ్చే కాంతిని అవి ఆ విధంగా అదుపు చేస్తాయి. 1973లో ఇంగ్లండులోని హల్ విశ్వవిద్యాలయంలో జార్జ్ గ్రే బృందం గది ఉష్ణోగ్రతలో పనిచేసే స్థిరమైన సయనోబైఫినైల్ అణువులను ప్రకటించిన పిమ్మటనే ఎల్‌సీడీ తెరలకు దారి సుగమమైంది.

క్షణక్షణం మారే వరుస సంఖ్యలకు ఎల్‌సీడీ తగినది. తమంత తాము వెలిగే సేంద్రియ అణువులతో చేసిన ఓఎల్ఈడీ తెర కంటికి ఇంపుగానే ఉంటుంది. అయితే దినమంతా ఒకే చిహ్నాన్ని చూపితే అక్కడి అణువులు త్వరగా క్షీణించి, ఆ మచ్చ మిగిలిపోతుంది. రోజుకు ఒకటి రెండుసార్లు మాత్రమే మారే గదుల పట్టికకు ఎలక్ట్రానిక్ కాగితం మేలు. గోడల రంగులలో వాడే టైటానియం డయాక్సైడే అందులోని తెలుపు. ఆ తెల్లని, నల్లని రేణువులు విద్యుత్ క్షేత్రంలో స్థానం మార్చుకొని, విద్యుత్తు ఆపినా అక్కడే నిలుస్తాయి. ఎండ పడే చోట కూడా అది అచ్చు కాగితంలా చదవవచ్చు.

మరి కొన్ని జాగ్రత్తలు. ఐరోపా సంతతి పురుషులలో సుమారు 8 శాతం మందికి ఎరుపు, ఆకుపచ్చల భేదం సరిగా తెలియదు. కావున రంగుతో పాటు మాట కూడా ఉండాలి. అక్షరాలు పరుగెత్తరాదు. అమెరికాలోని 2010 నాటి వికలాంగుల సౌకర్య ప్రమాణాల ప్రకారం, నడిచే దారిలో నేలకు 27 నుండి 80 అంగుళాల మధ్య గోడకు బిగించిన వస్తువు 4 అంగుళాలకు మించి ముందుకు రాకూడదు. అంత ఎత్తున ఉన్నది అంధుల చేతికర్రకు అందదు, దేహానికే తగులుతుంది. వైద్యుని కార్యాలయంలో రోగి పేరుకు బదులు సంఖ్యనే చూపడం మర్యాద.

కొనడానికి ముందు చేయదగిన ప్రయోగం ఒకటున్నది. చూపదలచిన సమాచారాన్ని అదే పరిమాణంలో కాగితంపై ముద్రించి గోడకు అంటించండి. డెబ్బై ఏళ్ళ పెద్దవారిని గుమ్మంలో నిలిపి చదవమనండి. వారు తడుముకోకుండా తమ గది పేరు చెప్పగలిగితే ఆ రూపకల్పన సరియైనదే. చెప్పలేకపోతే ఎంత ఖరీదైన తెరయినా ఆ లోపాన్ని పూడ్చలేదు. నిన్నటి సమాచారం నేడు కనిపించకుండా చూచే బాధ్యత ఎవరిదో కూడా ఆనాడే నిర్ణయించండి.