సమస్తమా, వ్యస్తమా?

సమాసమంటే ఏమిటో ఇంటర్మీడియట్ విద్యార్థులకు కొత్తగా చెప్పనక్కరలేదు. వేర్వేరు అర్థాలు గల పదాలు కలసి ఏకపదమైతే అది సమస్తపదం. విడివిడిగా నిలిస్తే వ్యస్తపదాలు. సమాసంలో క్లుప్తత ఉంది, సొగసు ఉంది. అర్థం చిక్కుపడినప్పుడు మాత్రం విగ్రహవాక్యం చెప్పి విడదీయక తప్పదు. నేటి అంగళ్లలో కంప్యూటర్లు కూడా ఈ రెండు రూపాలలోనే లభిస్తున్నాయి. తెరను, యంత్రాన్ని ఒకే చట్రంలో ఇమిడ్చినది ఆల్-ఇన్-వన్. మానిటర్ వేరుగా, యంత్రభాగం వేరొక పెట్టెలో ఉన్నది సాధారణ డెస్క్‌టాప్. ఆ పెట్టెను జనం సి.పి.యు. అని పిలవడం పరిపాటి. నిజానికి సి.పి.యు. అనేది ఆ పెట్టెలోని ఒక చిన్న బిళ్ల మాత్రమే. అయినా లోకవ్యవహారాన్ని కాదనడం ఎవరి తరం?

గుత్తి వంటి పట్టణంలో ఈ ఎంపిక కేవలం అభిరుచికి సంబంధించినది కాదు. అనంతపురం జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. చుట్టుపక్కల గ్రామాలలో వానను నమ్ముకొని వేసే వేరుశనగే అనేక కుటుంబాలకు రాబడి. పంట చేతికందిన ఏడు పిల్లల చదువు కోసం కొన్న కంప్యూటర్ మూడేళ్లకే మూలపడితే, మరొకటి కొనగలిగే ఏడు ఎప్పుడు వస్తుందో వానదేవుడికే ఎరుక. కనుక ఇక్కడ అడగవలసిన ప్రశ్న ‘ఏది చూడ చక్కగా ఉంది?’ అని కాదు. ‘ఒక భాగం చెడితే దానితోపాటు ఇంకేమి పోతుంది?’ అని.

కంప్యూటర్‌లోని భాగాలన్నిటికీ ఆయుర్దాయం ఒక్కటే కాదు. మంచి మానిటర్ పదేళ్లు పనిచేసినా ఆశ్చర్యం లేదు. ప్రాసెసర్, మదర్‌బోర్డులు చెడిపోకపోయినా కొత్త సాఫ్ట్‌వేర్ల బరువు మోయలేక అయిదారేళ్లకే వెనుకబడతాయి. రెండూ వేరుగా ఉన్న ఇంట పెట్టె మార్చితే చాలును, పాత తెర కొత్త పెట్టెకు అమరుతుంది. ఆల్-ఇన్-వన్‌లో లోపలి యంత్రం పాతబడిన నాడు నిక్షేపంలాంటి తెర కూడా దానితో సహగమనం చేయవలసి వస్తుంది. తెర పగిలితే వ్యవహారం తారుమారు: పనిచేస్తున్న యంత్రాన్నంతా విప్పి సర్వీసు కేంద్రానికి పంపాలి. విడి పెట్టెలోని ర్యామ్, హార్డ్ డిస్కు, విద్యుత్ సరఫరా పరికరం వంటివి ఏ కంపెనీవైనా చాలావరకు ఒకే కొలతలలో దొరుకుతాయి. స్థానిక మెకానిక్ మార్చగలడు. ఆల్-ఇన్-వన్‌లలో పలు భాగాలు ఆ నమూనాకే ప్రత్యేకం. కొన్నింటిలో ర్యామ్‌ను బోర్డుకే అతికించి ఉంచుతారు.

ఎండను, దుమ్మును కూడా లెక్కలోకి తీసుకోవాలి. వేసవిలో 40 డిగ్రీలు దాటడం ఈ సీమలో వింత కాదు. యంత్రం లోపలి వేడి ఎప్పుడూ గది వేడికి పైనే ఉంటుంది. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లనే భాగాల ఆయుష్షు 10 డిగ్రీల వేడి పెరిగినప్పుడల్లా సుమారు సగానికి పడిపోతుందనేది ఇంజనీర్లు పాటించే స్థూలసూత్రం. పలుచని చట్రంలో గాలి తిరిగే దారి సన్నం. అందులో దుమ్ము పేరుకుంటే తుడవడం కష్టం. విడి పెట్టెకు పక్క రేకు విప్పి, మెత్తని కుంచెతో దులిపితే పని తీరిపోతుంది.

ఈ తర్జనభర్జన నేటిది కాదు. 1977లో వచ్చిన కమొడోర్ పెట్ తెర, కీబోర్డు, యంత్రం కలసిన సమస్తరూపం. అదే సంవత్సరం వెలువడిన ఆపిల్-2కు తెరను వేరుగా తగిలించుకోవాలి. 1984 నాటి మెకింటోష్‌లో 9 అంగుళాల తెర యంత్రంలోనే ఒదిగింది. 1998లో ఐమాక్ ఈ రూపానికి లోకమంతటా ఆకర్షణ తెచ్చింది. 2009 చివర వచ్చిన 27 అంగుళాల ఐమాక్‌ను మరొక కంప్యూటర్‌కు తెరగా వాడుకొనే వీలుండేది; 2014 నాటి 5కె నమూనాలో ఆ వీలు తొలగిపోయింది. 2022 మార్చిలో ఆ కంపెనీయే 27 అంగుళాల ఐమాక్‌ను ఆపివేసి, అదే నెలలో చిన్న పెట్టెను, దానికి తోడు విడి మానిటర్‌ను విడుదల చేసింది. 24 అంగుళాల సమస్తరూపం మాత్రం కొనసాగింది. సత్య నాదెళ్ల తండ్రి యుగంధర్‌గారి స్వగ్రామం అనంతపురం జిల్లాలోని బుక్కాపురం. ఆయన సారథ్యంలో మైక్రోసాఫ్ట్ 2016లో సర్ఫేస్ స్టూడియో అనే 28 అంగుళాల ఆల్-ఇన్-వన్‌ను తెచ్చింది. ఎంతో మెప్పు పొందిన ఆ తెరను కూడా వేరొక యంత్రానికి తగిలించే మార్గం లేదు.

తెలుగు చదివేవారు తెరను ఎంచుకోవడంలో మరికొంత జాగ్రత్త పడాలి. ‘పలం’ అంటే ఒక తూకం, ‘ఫలం’ అంటే పండు. ఆ రెంటికీ భేదం అక్షరం అడుగున ఉన్న ఒక చిన్న గీత. దానికి తోడు గుణింతపు గుర్తులు, ఒత్తులు. తెరపై చుక్కలు పలుచబడితే ఇవన్నీ అలుక్కుపోతాయి. 1920 చుక్కల వెడల్పు, 1080 చుక్కల ఎత్తు గల తెర 21.5 అంగుళాలదైతే అంగుళానికి 102 చుక్కలు వస్తాయి. 24 అంగుళాలకు 92. 27 అంగుళాలకు 82 మాత్రమే. తెర పెద్దదైనంత మాత్రాన అక్షరం స్పష్టమవుతుందనుకోవడం పొరపాటు. విడి మానిటర్ కొనేవారు తమ కంటికి నప్పినదాన్ని ఏరుకోవచ్చు. ఆల్-ఇన్-వన్‌తో వచ్చిన తెరతోనే సరిపెట్టుకోవాలి.

అలాగని సమస్తరూపం నిరర్థకం కాదు. తీగలు తక్కువ, స్థలం తక్కువ, యు.పి.ఎస్.కు ఒక్క ప్లగ్ చాలు. ల్యాప్‌టాప్ తరహా ప్రాసెసర్ ఉన్న నమూనాలు విద్యుత్తును పొదుపుగా వాడుతాయి కనుక కరెంటు పోయినప్పుడు మరి కొన్ని నిమిషాలు నిలుస్తాయి. బ్యాంకు కౌంటరుకో, ఆసుపత్రి చీటీల బల్లకో అది తగినదే. అటువంటి సంస్థలకు మరమ్మతు ఒప్పందం ఉంటుంది. ఒకటి చెడితే మరొకటి తెచ్చి పెడతారు. ఒంటి యంత్రంతో నెగ్గుకురావలసిన విద్యార్థికి ఆ వెసులుబాటు లేదు. అతనికి వ్యస్తరూపమే శ్రేయస్కరం. చేతిలో సొమ్ము చాలకపోతే పెట్టెను ఈ ఏడు కొని పాత మానిటర్‌తో నడుపుకోవచ్చు. ఇంట పాత ల్యాప్‌టాప్ ఉంటే మానిటర్‌నే ముందుగా కొని దానికి తగిలించుకోవచ్చు.

ఆల్-ఇన్-వన్‌నే కొనదలచినవారు డబ్బు చెల్లించకముందే దాని వెనుక వైపు చూడాలి. అక్కడి హెచ్.డి.ఎం.ఐ. రంధ్రం పక్కన ‘ఇన్’ అని ఉంటే వేరే యంత్రపు బొమ్మను ఆ తెర స్వీకరిస్తుంది. యంత్రం పాతబడినా తెర మిగులుతుంది. ‘అవుట్’ అని ఉంటే రెండవ తెరకు బొమ్మను పంపడానికే అది పనికివస్తుంది. ఏ గుర్తూ లేకపోతే అది సాధారణంగా ‘అవుట్’ రకమే. దుకాణంలోనే ఒక ల్యాప్‌టాప్‌ను తగిలించి చూపమని అడగడం మేలు. వారంటీ కాగితంలో ఇంటికి వచ్చి బాగుచేస్తామని ఉన్నదా, ఉంటే గుత్తి పిన్‌కోడుకు అది వర్తిస్తుందా, లేక యంత్రాన్ని బస్సులో పెట్టుకొని అనంతపురమో కర్నూలో చేరవలసినదేనా అన్నది కూడా అప్పుడే అడిగి, బిల్లు మీద వ్రాయించుకోవాలి.