చూసి ఊహించాలా? అడిగి తెలుసుకోవాలా?

వికారాబాద్‌లో ఇల్లు కట్టుకొనే ఒకాయనకు నేలకు తాండూరు బండలు కావాలి. తాండూరు బండ సున్నపురాయి జాతికి చెందిన నాపరాయి. దానిలో నీలి ఛాయ గలదీ, పసుపు ఛాయ గలదీ బాగా పేరు పొందాయి. ఆయన తనకు నచ్చిన ఒక నేలను ఫొటో తీసి వ్యాపారికి పంపి, "ఇలాంటివే పంపండి" అన్నాడనుకోండి. ఏమవుతుంది? ఎండలో తీసిన ఫొటోలో నీలి బండ తెల్లగా కనబడవచ్చు. బండ కొలత ఎంతో ఫొటో చెప్పదు. అలా కాక, "నీలి రకం, రెండడుగుల చదరం, పాలిష్ పట్టినవి" అని చీటీ రాసి పంపితే పొరపాటుకు చాలావరకు తావుండదు.

ఫొటోను చూసి ఊహించాలి. చీటీని చదివితే తెలుస్తుంది. కంప్యూటర్ ప్రపంచంలో ఈ తేడా ఎంత పెద్దదో ఈ పాఠంలో తెలుసుకుందాం.

డిజైన్ ఫైలు అంటే ఏమిటి?

మీరు ఫోనులో రైలు వేళలు, పరీక్షా ఫలితాలు చూస్తుంటారు కదా! ఆ తెర ఎలా ఉండాలో ముందుగా డిజైనర్లు కంప్యూటర్‌పై గీస్తారు. ఇందుకు ఎక్కువగా వాడే సాధనాల్లో ఫిగ్మా ఒకటి. ఆ సంస్థను డిలన్ ఫీల్డ్, ఇవాన్ వాలస్ అనేవారు 2012లో అమెరికాలో స్థాపించారు.

ఇలా గీసిన ఫైలు ఫొటో వంటిది కాదు, చెట్టు వంటిది. పేజీ కాండమైతే, చట్రాలు కొమ్మలు, అక్షరాలూ బొమ్మలూ ఆకులు. ప్రతిదానికీ ఒక గుర్తింపు సంఖ్య, కొలతలు, రంగు రాసి ఉంటాయి. పదే పదే వాడే లక్షణాలకు డిజైనర్ ఒక పేరు పెడతాడు. ఉదాహరణకు "శీర్షిక" అనే పేరు కింద అక్షరాల రకం, పరిమాణం, వరుసల ఎడం ఉంటాయి. "హెచ్చరిక రంగు" అనే పేరు కింద ఒక రంగు ఉంటుంది. ఇలా పేరు పెట్టిన లక్షణాల కట్టనే స్టైల్ అంటారు.

రంగును అంకెలలో ఎలా రాస్తారు?

తెరపై ప్రతి రంగూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు వెలుగుల కలయిక. ఒక్కొక్క వెలుగుకు 0 నుండి 255 వరకు విలువ ఇస్తారు. అనగా 256 × 256 × 256 = 1,67,77,216 రంగులు సాధ్యం. ఎరుపు 255, ఆకుపచ్చ 204, నీలం 0 అయితే ఒక పసుపు రంగు వస్తుంది. డిజైనర్లు దీనిని పదహారు ఆధారంగా గల లెక్కలో రాస్తారు. ఇందులో 9 తరువాత ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్ వస్తాయి. వాటి విలువలు 10 నుండి 15. "ఎఫ్ఎఫ్" అంటే 15 × 16 + 15 = 255. "సిసి" అంటే 12 × 16 + 12 = 204. కనుక మన పసుపు రంగు పేరు "ఎఫ్ఎఫ్ సిసి 00".

మధ్యవర్తి పనిముట్టు

ఇప్పుడు ఏఐ ఏజెంట్లు వచ్చాయి. ఏజెంట్ అనగా మనం చెప్పిన పనిని మెట్లుగా విడదీసుకొని, పనిముట్లు వాడుతూ పూర్తిచేసే ప్రోగ్రాం. "ఈ డిజైన్ ప్రకారం తెరను తయారుచేయి" అంటే అది కోడ్ రాస్తుంది. కాని దానికి తెర ఫొటో మాత్రమే ఇస్తే, 18 ఉన్న అక్షర పరిమాణాన్ని 17 అనుకోవచ్చు. 204 ఉన్న చోట 200 రాయవచ్చు.

2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ "మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్" అనే పద్ధతిని ప్రకటించింది. ఏజెంట్ బయటి పనిముట్లను ఏ విధంగా అడగాలో, అవి ఏ విధంగా బదులివ్వాలో ఇది నిర్ణయిస్తుంది. 2025లో ఫిగ్మా ఈ పద్ధతిలో పనిచేసే పనిముట్టును విడుదల చేసింది. ఇటువంటి పనిముట్టు పని ఇలా సాగుతుంది:

1. ఏజెంట్ "నీవు ఏమేమి చేయగలవు?" అని పనిముట్టును అడుగుతుంది.
2. కావలసిన ఫైలు, అందులోని భాగం గుర్తింపు సంఖ్య చెబుతుంది.
3. పనిముట్టు అనుమతి ఉన్న ఫైలునే తెరిచి, ఆ భాగపు స్టైళ్ళను వెతుకుతుంది.
4. అనవసరమైనవి వదిలి, పేరు–విలువ జతలుగా తిరిగి ఇస్తుంది.
5. ఏజెంట్ ఆ విలువలతో కోడ్ రాస్తుంది.

తెలుగుకు ఇది ఎందుకు ముఖ్యం?

ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయే వరుసల ఎడం మన లిపికి చాలకపోవచ్చు. మన గుణింతాలు పైకి, వత్తులు కిందికి పోతాయి. ఏజెంట్ ఎడాన్ని తక్కువగా ఊహిస్తే వత్తులు తెగిపోతాయి. అప్పుడు "గుడ్డి దీపం" కాస్తా "గుడి దీపం" అవుతుంది! అదే పొరపాటు మందుల వివరాల్లోనో, పరీక్షా ప్రశ్నలోనో జరిగితే నవ్వుకొని ఊరుకోగలమా? తెలుగుకు తగిన ఎడాన్ని డిజైనర్ ఫైలులో రాసి ఉంచాలి, ఏజెంట్ దానిని అడిగి తెలుసుకోవాలి.

ఒక సంగతి మరువకండి. పనిముట్టు ఉన్నదానినే తెస్తుంది, మంచి చెడ్డలు నిర్ణయించదు. తెల్లని తెరపై లేత బూడిదరంగు అక్షరాలు పెడితే ఆ రంగునే నమ్మకంగా తెచ్చిస్తుంది. మామూలు అక్షరాలకూ వెనుక రంగుకూ మధ్య వెలుగు నిష్పత్తి కనీసం 4.5 : 1 ఉండాలని అంతర్జాతీయ మార్గదర్శక సూత్రాలు చెబుతున్నాయి. తెలుపుపై నలుపుకు అది 21 : 1. దీనిని సరిచూడవలసినది మనిషే.

చేసి చూడండి

10 సెం.మీ. × 6 సెం.మీ. బోర్డు బొమ్మ ఒకటి గీయండి. పైన 1.8 సెం.మీ. ఎత్తున మీ ఊరి పేరు రాయండి. ఎడమ అంచున 1.2 సెం.మీ. ఖాళీ వదలండి. తరగతిని రెండు జట్లు చేయండి. మొదటి జట్టు బొమ్మను పదడుగుల దూరం నుండి చూసి అదే పరిమాణంలో గీయాలి. రెండవ జట్టుకు బొమ్మ చూపకుండా కొలతల పట్టిక మాత్రమే ఇవ్వండి. స్కేలుతో కొలిచి, ఏ జట్టు ఎన్ని మిల్లీమీటర్లు తప్పిందో పట్టిక వేయండి.

ఆలోచించి చెప్పండి

1. పదహారు ఆధారపు లెక్కలో "80" విలువ ఎంత?
2. వత్తు పోతే అర్థం మారే మాటలు మరి మూడు రాయండి.
3. నలభై తెరలలో రంగు విలువకు బదులు "హెచ్చరిక రంగు" అనే పేరు వాడారు. ఆ రంగు మార్చాలంటే ఎన్ని చోట్ల దిద్దాలి? ఎందుకు?