వినకుండుటకు గల హక్కు

ఒక శాసనమును చదువునపుడు మొట్టమొదట చూడవలసినది అందలి క్రియాపదము. కర్త ఎవరు, కర్మ ఏది, నిషేధింపబడిన క్రియ ఏది అని తేల్చుకొన్న పిమ్మటనే ఆ శాసనము మంచిదో చెడ్డదో మాటలాడవలెను. వ్యాకరణము పరీక్షలకు మాత్రమే పనికివచ్చునని తలచు విద్యార్థులు మా తరగతులలో కొందరు లేకపోలేదు. వారికొరకే ఈ పాఠమును కొంత దూరదేశమునుండి ఎత్తుకొనుచున్నాము.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో పదికి మించిన రాష్ట్రములు ఒకే తీరుగల శాసనమును చేసికొన్నవి. న్యూజెర్సీ 2006లో మొదలుపెట్టెను. ఆరెగాన్ 2009లో చేసిన శాసనము 2010 జనవరి 1 నుండి అమలునకు వచ్చెను. తరువాత పెక్కేండ్లు కదలిక కానరాలేదు. 2022లో కనెక్టికట్, 2023లో మెయిన్, మిన్నెసోటా, న్యూయార్కు, 2024లో వాషింగ్టన్, వెర్మాంట్, హవాయీ మొదలగునవి అదే త్రోవ పట్టినవి. అలాస్కాలో 2024 నవంబరున ప్రజలే నేరుగా ఓటువేసి, కనీస వేతనమును పెంచు ప్రతిపాదనతోపాటు దీనిని కూడ ఆమోదించిరి. యజమాని తన మతాభిప్రాయములనో రాజకీయాభిప్రాయములనో బోధించుటకు సభ కూర్చి, పనివారు దానికి రాక తీరదని నిర్బంధించుట ఈ శాసనములకు లక్ష్యము.

అట్టి సభను అచ్చట ‘కాప్టివ్ ఆడియన్స్ మీటింగ్’ అందురు. మేము ‘బందీ శ్రోతల సభ’ అని తెలిగించుచున్నాము. మాట కొంత మొరటుగానున్నను భావము చెడలేదు. శ్రోత కాళ్లకు సంకెళ్లుండవు. తలుపు తెరిచియే యుండును. కాని లేచి వెలుపలికి నడచినచో రేపు పని యుండునో ఊడునో తెలియదు. ఆ దేశమున మాంటానా తప్ప తక్కిన రాష్ట్రములన్నిట, ఒడంబడికయో ప్రత్యేక శాసనమో అడ్డము రానంతవరకు, కారణము చెప్పకయే పనివానిని తొలగించు అధికారము యజమానికి సామాన్యముగా కలదు. కావున శ్రోతను బంధించునది గోడ కాదు, నెలకూలి.

ఇట్టి సభలు ఎక్కువగా జరుగునది కార్మిక సంఘము ఏర్పడబోవు సమయమున. అక్కడి పద్ధతి మన దేశపు పద్ధతి వంటిది కాదు. ఒక కర్మాగారమున సంఘము కావలెనని కనీసము నూటికి ముప్పదిమంది సంతకములు చేసినచో, జాతీయ కార్మిక సంబంధముల బోర్డు అను కేంద్రసంస్థ అచ్చట రహస్య ఓటింగు జరుపును. పోలైన ఓట్లలో అధికసంఖ్య సంఘమువైపు వచ్చినచో యజమాని దానితో చర్చలు జరుపవలసినదే. అర్జీ పడిన దినమునకును ఓటింగు దినమునకును నడుమ కొన్ని వారములు గడచును. ఆ వారములలో యంత్రములను ఆపి, పనివారిని ఒక గదిలో కూర్చుండబెట్టి, సంఘమువలన కలుగు నష్టములను యజమాని మనుష్యులు వివరింతురు. సంఘమువారికి ఆ గదిలో అట్టి అవకాశము ఉండదు.

ఇది ధర్మమా యను ప్రశ్నకు ఆ బోర్డు కాలమునుబట్టి వేరువేరు సమాధానములు చెప్పినది. కార్మికులకు సంఘటితమగు హక్కునిచ్చిన మూలశాసనము 1935 నాటిది. 1946లో బోర్డు ఇట్టి నిర్బంధ సభ చెల్లదనెను. 1947లో కాంగ్రెసు, బెదిరింపుగాని లాభపు ఆశగాని లేని పక్షమున యజమాని తన అభిప్రాయమును చెప్పుకొనవచ్చునని శాసనమును సవరించెను. మరుసటి యేడు, అనగా 1948లో, నిర్బంధ సభయు చెల్లునని బోర్డు మాట మార్చెను. 1953లో ఒక చిన్న హద్దు గీచెను: ఓటింగునకు ముందరి 24 గంటలలో పనివేళయందు అందరిని కూడబెట్టి ఉపన్యసించుట ఉభయపక్షములకును తగదు. అటుపిమ్మట డెబ్బదియేండ్లకు పైగా అదే నడచినది.

2024 నవంబరు 13న, న్యూయార్కులోని అమెజాన్ గోదాములకు సంబంధించిన వ్యవహారమున బోర్డు 1948 నాటి నిర్ణయమును త్రోసివేసెను. సభ జరుపరాదని మాత్రము చెప్పలేదు. సభలో దేనినిగూర్చి మాటలాడబోవుదురో ముందుగా తెలుపవలెను. రాకపోయినను ఏ నష్టమును కలుగదని చెప్పవలెను. ఎవరు వచ్చిరి, ఎవరు రాలేదు అను లెక్క వ్రాసికొనరాదు. ఈ మూడును పాటించినచో సభ పెట్టుకొనవచ్చును.

మూడవ షరతువద్ద మేము కొంతసేపు ఆగితిమి. ప్రతిదినము ఉదయము హాజరుపట్టీ తెరిచి పేర్లు పిలుచుట మా వృత్తి. బడిలో ఆ పట్టీ విద్యార్థికి మేలు చేయును. రాని పిల్లవానికి జ్వరమో, ఇంట ఇబ్బందియో కనుగొనుటకు అదే ఆధారము. బందీ శ్రోతల సభలో అదే కాగితము వేరొక పని చేయును. ‘మీ యిష్టము, రావచ్చును, మానవచ్చును’ అని నోటితో చెప్పి, తలుపువద్ద ఒకరు పేర్లు వ్రాసికొనుచు నిలుచున్నచో, ఆ యిష్టమునకు అర్థమేమి? బెదిరింపు మాట ఒక్కటియు పలుకకయే బెదిరించు ఉపాయమిది. బోర్డువారు దీనిని గుర్తించుట మాకు మిక్కిలి సూక్ష్మమైన ఆలోచనగా తోచినది.

బోర్డు సభ్యులు అయిదుగురు. వారిని దేశాధ్యక్షుడు సెనేటు సమ్మతితో నియమించును. ప్రభుత్వము మారినకొలది బోర్డు అభిప్రాయమును మారుట పరిపాటి. రాష్ట్రములు తమ సొంత శాసనములకు పూనుకొనుటకు ఇదియొక కారణము.

ఇప్పుడు క్రియాపదము. ఆరెగాన్ శాసనము ‘యజమాని మాటలాడరాదు’ అనుచున్నదా? లేదు. మతమునుగూర్చియో రాజకీయమునుగూర్చియో యజమాని అభిప్రాయమును చెప్పుటయే ముఖ్యోద్దేశముగా గల సభకు రానొల్లని ఉద్యోగిని యజమాని తొలగింపరాదు, దండింపరాదు, అట్లు చేయుదునని బెదిరింపరాదు. కర్త యజమాని; కర్మ ఉద్యోగి; నిషిద్ధక్రియ దండించుట. మాటలాడుట అను క్రియకు ఇచ్చట నిషేధము లేదు. కార్మిక సంఘమున చేరుటయా మానుటయా అను విషయమును కూడ ఆ శాసనము రాజకీయ విషయములలోనే చేర్చినది.

మినహాయింపులును కలవు. మతసంస్థ తన ఉద్యోగులతో మతవిషయములు ముచ్చటించుటకు అడ్డు లేదు. రాజకీయపక్షపు కార్యాలయమునకును అట్లే. ఏదేని శాసనము తెలుపుమని ఆజ్ఞాపించిన సంగతులను తెలుపవచ్చును. కనెక్టికట్ శాసనము, పని చేయుటకు అవసరమైన సమాచారమును, ఊరక జరుగు ముచ్చట్లను కూడ వదలిపెట్టినది. మిన్నెసోటాలో 2023 ఆగస్టు 1 నుండి ఈ హక్కును తెలుపు నోటీసు పనిస్థలమున అంటింపవలెను. ఇల్లినాయిలో 2025 జనవరి 1 నుండి శాసనము నడచుచున్నది. ఒక్కొక్క ఉల్లంఘనకు వేయి డాలర్ల జరిమానా.

మతవిషయమునకు ఒక పాత దృష్టాంతము కలదు. గనులకు కావలసిన యంత్రపరికరములు చేయు టౌన్లీ అను కంపెనీ వారము వారము పనివేళలలో ప్రార్థన జరిపి, అందరును రావలెనని నియమము పెట్టెను. దేవుని నమ్మని ఒక పనివాడు తనను విడిచిపెట్టుడని కోరెను. రాక తప్పదు గాని, వచ్చి నిద్రించినను, వార్తాపత్రిక చదువుకొన్నను అభ్యంతరము లేదని పైయధికారి బదులు చెప్పెను. ఈ జవాబులోని విచిత్రమును గమనింపుడు. వినుట అక్కరలేదట, కూర్చుండుట మాత్రము తప్పనిసరియట! అనగా అక్కడ కోరబడినది భక్తి కాదు, విధేయత. 1988లో అప్పీలు న్యాయస్థానము, 1964 నాటి పౌరహక్కుల శాసనము ననుసరించి, కంపెనీ ప్రార్థన జరుపుకొనవచ్చును గాని ఒల్లనివానిని అందుండి విడిచిపెట్టవలెనని తీర్పు చెప్పినది.

ఎదుటిపక్షమువారి వాదమును వినకపోవుట ఈ పాఠమునకే తగదు. వ్యాపార సంఘములు కనెక్టికట్, మిన్నెసోటా, కాలిఫోర్నియా శాసనములపై వ్యాజ్యములు వేసినవి. వారి తర్కమిది: మతము, రాజకీయము అను రెండు విషయములనే వేరుచేసి హద్దు పెట్టుట వాక్స్వాతంత్ర్యమును కత్తిరించుటయే, అదియుగాక కార్మిక సంబంధములు కేంద్రశాసనపు పరిధిలోనివి, రాష్ట్రములు అందు చేయి పెట్టరాదు. 2025 జనవరి 1న అమలునకు వచ్చిన కాలిఫోర్నియా శాసనము, సభకు రాని ఉద్యోగికి ఆ సమయపు వేతనము కోయరాదనియు, ఉల్లంఘించినచో ఒక్కొక్క ఉద్యోగికి 500 డాలర్ల చొప్పున జరిమానా యనియు విధించెను. ఆ సంవత్సరము సెప్టెంబరులో ఒక ఫెడరల్ న్యాయస్థానము, ఎదుటివారి వాదము నెగ్గుట సంభవమని తలచి, తుదితీర్పు వచ్చువరకు దాని అమలును నిలిపెను.

ఆ వాదమున కొంత పస లేకపోలేదు. శాసనములలో ‘రాజకీయము’ అను మాటకు చెప్పిన అర్థము విశాలము. ఎన్నికలేగాక చట్టములు, ప్రభుత్వ నియమములు కూడ అందు చేరును. రాబోవు ఒక నియమమువలన కర్మాగారమే మూతపడు పరిస్థితి వచ్చినపుడు ఆ సంగతి పనివారికి తెలియనక్కరలేదా? తెలియవలెను. పిలిచి చెప్పుటకు ఏ శాసనమును అడ్డు రాదు. రానివానిని దండించుటయే కూడదు. నిజముగా తమకు ఉపయోగించు సంగతి చెప్పుదురని నమ్మినచో పనివారు పిలువకున్నను వత్తురు. కావున తూచి చూచినచో మా మొగ్గు శాసనములవైపే యున్నది. ‘ముఖ్యోద్దేశము’ ఏదని నిర్ణయించుట మాత్రము న్యాయాధిపతులకు సులభము కాదు.

హోసూరు ప్రాంతమున ఇదంతయు మనకేల అని తలిదండ్రులు అడుగవచ్చును. మీలో పలువురు ఇక్కడి కర్మాగారములలో షిఫ్టు పనులు చేయువారు. కొందరి పిల్లలు న్యూజెర్సీ, కాలిఫోర్నియాలలో ఉద్యోగములు చేయుచున్నారు. హెచ్-1బి వీసాపై నున్న ఉద్యోగి పని పోగొట్టుకొన్నచో సామాన్యముగా 60 దినములలో వేరొక యజమానిని వెదకికొనవలెను, లేదా ఆ దేశమును విడువవలెను. అట్టివాడు సభనుండి లేచి రాగలడా యను ప్రశ్న ఇతరుల విషయముకంటె బరువైనది.

మన రాజ్యాంగమున కార్మికుల సభలనుగూర్చి ఈ విధమైన వాక్యము లేదు. కాని విద్యార్థులనుగూర్చి కలదు. 28వ అధికరణము మూడవ ఖండమును చదువుడు. ప్రభుత్వ గుర్తింపుగాని ధనసహాయముగాని పొందు పాఠశాలలో జరుగు మతబోధయందు పాల్గొనుమని, మతపూజకు హాజరు కమ్మని ఎవరిని గాని తమ సమ్మతి లేక నిర్బంధింపరాదు. మైనరు విషయమున సంరక్షకుల సమ్మతి కావలెను. ఇందును నిషేధము బోధకు కాదు, నిర్బంధమునకు. ఆరెగాన్ శాసనమునకు దాదాపు అరువదియేండ్లకు ముందే, 1950 జనవరి 26 నుండి, ఈ ఖండము అమలులో నున్నది. మా హాజరుపట్టీకి కూడ అచ్చట ఒక హద్దు ఏర్పడినదన్నమాట.

తొమ్మిది, పది తరగతుల విద్యార్థులు ఈ ప్రశ్నకు ఒక పుటకు మించకుండ సమాధానము వ్రాసి వచ్చు సోమవారము మాకు ఇయ్యవలెను. ఆరెగాన్‌లోని ఒక కర్మాగారమున అగ్నిప్రమాదములనుండి తప్పించుకొనుటనుగూర్చి ఒక గంట శిక్షణ ఏర్పాటైనది. ఏబదియవ నిమిషమున యజమాని లేచి, రాబోవు ఎన్నికలలో ఏ పక్షమునకు ఓటు వేయవలెనో చెప్పసాగెను. ఒక పనివాడు లేచి వెలుపలికి పోయెను. శిక్షణ పూర్తిచేయలేదని అతని దినవేతనమును కోసిరి. కర్త, కర్మ, క్రియలను గుర్తించి, ‘ముఖ్యోద్దేశము’ అను మాటను విడువక, ఇరుపక్షముల వాదములను వ్రాయుడు.