పాటల నోటుబుక్కు ఇంట్లో పెట్టి రా

పాటలు రాసే కుర్రవాళ్ళు మా ఇంటికొస్తే చంకలో లావుపాటి నోటుబుక్కు ఉంటుంది. "అన్నీ రెడీగా ఉన్నాయి సార్, ఎవరికివ్వమంటారు?" అంటారు. వాళ్ళకు చెప్పే మాటలే ఇవి.

1. తెలుగు సినిమాలో రెడీమేడ్ పాటకు గిరాకీ తక్కువ. ముందు ట్యూన్, తర్వాతే మాట. సీతారామశాస్త్రి గారు ముందే రాసుకున్న గంగావతరణం పాటను దర్శకుడు విశ్వనాథ్ గారు 'జననీ జన్మభూమి' (1984)లో వాడుకున్నారు, నిజమే. కానీ ఆయన్ని ఇంటిపేరు మార్చి నిలబెట్టింది 'సిరివెన్నెల' (1986)కి కథ విని రాసిన పాటలు. నోటుబుక్కులోంచి మంచివి రెండు పట్టుకెళ్ళు, నీ సత్తా తెలియడానికి చాలు.

2. ట్యూన్ మీద కూర్చోవడం నేర్చుకో. ఇప్పుడంతా వాట్సాప్‌లో వస్తుంది. సంగీత దర్శకుడు లలలా అనో, నోటికొచ్చిన డమ్మీ మాటలతోనో పాడి పంపుతాడు. 'తానన తానా' అన్నాడనుకో, 'వెన్నెల రావే' హాయిగా కూర్చుంటుంది. 'వెన్నెల వెలుగు' అని రాస్తే అర్థానికి లోటు లేదు గానీ, చివరి స్వరం సాగేచోట గాయని 'వెలుగూ' అనక తప్పదు. పైస్థాయిలో 'ఆ' పడితే గొంతు విచ్చుకుంటుంది, 'ఇ' పడితే బిగుసుకుంటుంది. వేగంగా నడిచేచోట ఒత్తులు గుప్పిస్తే నాలుక తడబడుతుంది. గురులఘువులు కాగితం మీద సరిపోయాయని సంబరపడకు. పైకి పాడి చూసుకో, నీ గొంతు ఎలా ఉన్నా సరే.

3. ఒక్క పల్లవితో వెళ్ళకు. నాలుగైదు రాసుకెళ్ళు. వాళ్ళు నీకు నచ్చనిదే ఎంచుకుంటారు, అది మామూలే. 'నాటు నాటు'లో తొంభై శాతం సగం రోజులో వచ్చేసిందనీ, మిగతాదానికి 19 నెలలు పట్టిందనీ చంద్రబోస్ గారే చెప్పారు. మార్చమంటే మొహం మాడ్చుకునేవాడికి రెండో ట్యూన్ రాదు.

4. పెద్దవాళ్ళ ఆఫీసు ముందు పడిగాపులు పడేకంటే కీబోర్డు ప్రోగ్రామర్‌తో, ట్రాక్ పాడే అమ్మాయితో, అసోసియేట్ డైరెక్టర్‌తో స్నేహంగా ఉండు. రేపు వాళ్ళే మొదటి సినిమా చేస్తారు, అప్పుడు పెద్ద కవిని పిలిచే బడ్జెట్ ఉండదు.

5. సినిమా ఒక్కటే దారి కాదు. తెలంగాణలో యూట్యూబ్ జానపదాలకు పెద్ద బజారే ఉంది. అక్కడ పాడేవాళ్ళదే రాజ్యం. వాళ్ళ పాత పాటలు పది విను, యాస పట్టుకో. కరీంనగర్ గొంతుకు కోనసీమ మాట రాసిస్తే మర్యాదగా పక్కన పెట్టేస్తారు. అచ్చంగా ఊరి మాటతో రాసిన 'బలగం' పాటకే కదా కాసర్ల శ్యామ్‌కు జాతీయ అవార్డు వచ్చింది.

6. కాగితం. మనవాళ్ళ మొహమాటమంతా ఇక్కడే. 2012 కాపీరైట్ సవరణ ప్రకారం పాట హక్కులు అమ్ముకున్నా రాయల్టీలో సమాన వాటా రచయితదే. థియేటర్లో సినిమాతో పాటు వినిపించేదానికి మాత్రం రాదు. ఆ వాటాను వారసులకో, కాపీరైట్ సొసైటీకో తప్ప ఇంకెవరికీ రాసివ్వడానికి వీల్లేదు, ఇచ్చినా చెల్లదు. ఒప్పందంలో హక్కుల గడువు రాయకపోతే 5 ఏళ్ళనే చట్టం లెక్క. పాటల కాపీరైట్ సొసైటీ ఐపీఆర్‌ఎస్‌లో సభ్యత్వం తీసుకుని ప్రతి పాటా నీ పేరున నమోదు చేయించు. ప్రైవేటు పాటైతే డిస్క్రిప్షన్‌లో రచయిత పేరు ఉండాలని అడ్వాన్సు తీసుకునే రోజే రాయించుకో. వీడియో ఎక్కాక ఎవరూ ఫోనెత్తరు.