పట్టీ ఎక్కించారు సరే, బిల్లు ఏదీ?

ప్రశ్న: మాది కాటారం. నా దగ్గర ఏపీ 15 నంబరుతో పాత ఫోర్‌వీల్ జీపు ఉంది. మహాముత్తారం వైపు పొలానికి పోయి రావడానికి వాడుకుంటాను. వెనక కమాన్లు పడుకున్నాయి. గుంతలో పడితే నడుం విరుగుతున్నది. ఒక మెకానిక్ పక్కకు రెండేసి పట్టీలు ఎక్కించి బండిని మూడించులు లేపుతానంటున్నాడు. అట్ల చేస్తే ఆర్టీవో వాళ్లు పట్టుకుంటారని మా బావ భయపెడుతున్నాడు. తక్కువ ఖర్చులో ఏం చేయించుకోవచ్చు? చట్టం ఏమంటుంది?

జవాబు: నంబరు చూడగానే మీ బండి వయసు సగం తెలిసిపోయింది. అది కాటారం కరీంనగర్ జిల్లాలో ఉన్ననాటి నంబరు. 2014లో తెలంగాణ వచ్చాక ఏపీ 15 పోయి టీఎస్ 02 వచ్చింది. 2016 అక్టోబరు 11న కాటారం భూపాలపల్లి జిల్లాలోకి మారాక టీఎస్ 25 అయింది, 2024 మార్చి నుంచి టీజీ 25. అంటే మీ జీపుకు ఎంత లేదన్నా పదేళ్లు దాటాయి. ఈ లెక్క ఊరికే తీయలేదు. సొంత వాహనానికి రిజిస్ట్రేషన్ చెల్లేది 15 ఏళ్లే. ఆ తర్వాత ఐదేళ్లకోసారి బండిని తీసుకెళ్లి చూపించి పొడిగించుకోవాలి. కమాన్ల దగ్గర ఇవాళ మీరు చేయించే పని ఆ రోజు ఇన్‌స్పెక్టర్ కంట పడుతుంది.

కమాన్లు పడుకున్నాయంటే మీ తప్పేం లేదు. ఒకవైపు తాడిచెర్ల బొగ్గు, ఇంకోవైపు గోదావరి ఇసుక మోసే లారీలు తిరిగే తోవలు మీవి. వానకాలం వాగు పొంగిపోయాక మిగిలిన రోడ్డు మీద ఏ పట్టీ అయినా ఎన్నేళ్లు నిలుస్తుంది?

మీ మెకానిక్ మాటలోనూ మీ బావ మాటలోనూ సగం సగం నిజముంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీ కంపెనీ మొదట చెప్పిన వివరాలకు, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. మార్పు అంటే ఏమిటో కూడా ఆ సెక్షనే చెబుతుంది: బండి మౌలిక లక్షణం మారిపోయేలా దాని నిర్మాణంలో చేసే మార్పు. కేరళ నుంచి వచ్చిన ఆర్టీవో వర్సెస్ కె.జయచంద్ర కేసులో 2019 జనవరి 9న సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. కంపెనీ చెప్పిన నిర్మాణానికి భిన్నంగా మార్చడం కుదరదంది. అయితే మౌలిక లక్షణం మారనంత వరకు చిన్నచిన్న అమరికలకు అడ్డు లేదని కూడా ఆ తీర్పులోనే ఉంది. మొదటి మాట అందరికీ తెలుసు, రెండోదాన్ని ఎవరూ చదవరు.

మీ జీపు సంగతికి వస్తే, అరిగిన కమాన్ పట్టీ తీసి అదే కొలతలో కొత్తది వేయించడం, కారిపోయిన షాకబ్జర్ మార్చడం, బుష్‌లు వేయించడం రిపేరు కిందికే వస్తాయి. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇనుప దిమ్మలు పెట్టి బండిని మూడించులు లేపడం, పెద్ద సైజు టైర్లు తొడగడం, అవి తగలకుండా మడ్‌గార్డులు కోయడం మార్పు. రెండింటికీ మధ్యలో కొంత మసక ఉంది. కమాన్ కట్టకు ఒక్క పట్టీ అదనంగా వేస్తే అది మార్పా, కాదా అని సెక్షన్‌లో ఎక్కడా రాసి లేదు. ఆర్‌సీలోని బరువు, సీట్లు, వీల్‌బేస్ మారవు కాబట్టి ఒక్క పట్టీని తప్పు పట్టడం కష్టమని నా అభిప్రాయం. మూడించుల లిఫ్ట్‌ను మాత్రం నేను కోర్టులో సమర్థించబోను.

శిక్ష సంగతీ చెప్పాలి. 2019 సవరణలో 182ఏ సెక్షన్ వచ్చింది. అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఒక్కో మార్పుకు అన్న మాటను గమనించండి. లిఫ్ట్ ఒకటి, టైర్లు ఒకటి, ముందు బిగించిన ఇనుప గార్డు ఒకటి. ఆ గార్డులు 52వ సెక్షన్‌కు విరుద్ధమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. జైలు దాకా ఎవరు పోతారులే అనుకోకండి. 2022లో శ్రీనగర్ ట్రాఫిక్ మేజిస్ట్రేట్ కోర్టు, పెద్ద టైర్లు వగైరా తొడిగిన ఒక థార్ యజమానికి ఈ సెక్షన్ కిందే ఆరు నెలల శిక్ష వేసి, మంచి నడవడికకు బాండు రాయించుకుని వదిలింది. బండిని పాత రూపానికి తెమ్మని కూడా చెప్పింది.

ఇక తక్కువ ఖర్చు మాట. ఇది వకీలు పని కాదు. కానీ నేనూ పాత జిప్సీ తోలినవాణ్నే, కాబట్టి చెబుతాను. మీ ఉత్తరంలోనే ఒక చిక్కుంది. మీ బాధ నడుం నొప్పి. మెకానిక్ చెప్పిన మందు అదనపు పట్టీలు. పట్టీలు పెరిగితే కమాన్ గట్టిపడుతుంది. ఎరువు బస్తాలు వేస్తే బండి కుదురుగా నిలుస్తుందేమో గానీ, ఒక్కరే కూర్చుని పోతే గిత్తలా ఎగురుతుంది. నడుం ఇప్పటికంటే ఎక్కువే విరుగుతుంది. వెనక మాత్రమే లేస్తే దీపాల వెలుగు నేలకు దిగుతుంది, బ్రేకు గొట్టం బిగుసుకుంటుంది, ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింటు మీద భారం పడుతుంది.

ముందు పైసా ఖర్చు లేని పని చేయండి, టైర్లలో గాలి చూసుకోండి. నేను నా జిప్సీకి షాకబ్జర్లు మార్పించాక తెలుసుకున్నాను, కుదుపంతా గాలి ఎక్కువై వచ్చిందని. తర్వాత బుష్‌లు, షేకిల్ పిన్నులు. ఆ తర్వాత కమాన్ కట్ట విప్పించి, తుప్పు గీకించి, విరిగిన పట్టీ ఉందేమో చూడండి. బానెట్ మూలను గట్టిగా నొక్కి వదిలితే బండి రెండుసార్లకు మించి ఊగితే షాకబ్జర్ పోయినట్టు. ఒకటి గుర్తుంచుకోండి: షాకబ్జర్ బరువు మోయదు, ఊగడాన్ని ఆపుతుంది, అంతే. పడుకున్న బండిని లేపేది పట్టీయే. పాత పట్టీలకే మళ్లీ వంపు కొట్టించడం అన్నిటికంటే చవక, కానీ సరిగా కాల్చి చల్లార్చకపోతే కొన్నాళ్లకే పడుకుంటాయి. పడుకున్న కట్టలు తీసేసి కంపెనీ కొలతలో కొత్తవి వేయించడమే నా లెక్కలో గిట్టుబాటు. పాత లారీ పట్టీలు కోసి వేస్తానన్నా, విరిగిన పట్టీకి వెల్డింగ్ పెడతానన్నా ఒప్పుకోకండి. వెల్డింగ్ వేడికి ఆ చోట ఉక్కు పదును పోతుంది, తిరిగి అక్కడే విరుగుతుంది. యూబోల్టులు కూడా కొత్తవే వేయించండి.

చూశారా, చవకగా అయ్యే పనే చట్టానికీ సరిపోతున్నది. కానీ ఆ పని రిపేరేనని రేపు నిరూపించేది మీ మాట కాదు, కాగితం. మన దగ్గర మెకానిక్ షెడ్డులో బిల్లు అడగడం అవమానించినట్టుగా ఉంటుంది. అన్నా, బిల్లెందుకే, నేను లేనా అంటారు. ఆయన ఉంటాడు, కానీ ఏ పట్టీ వేశాడో ఆర్నెల్ల తర్వాత ఆయనకే గుర్తుండదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం అమ్మిన వస్తువుకు, చేసిన సేవకు బిల్లో రసీదో ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. అందులో రాయించాల్సినవి: బండి నంబరు, తేదీ, మీటరు రీడింగు, వేసిన భాగం పేరు, కంపెనీ, సంఖ్య, కూలి వేరుగా. ఉదాహరణకు, వెనక కమాన్ కట్టలు రెండు, కంపెనీ కొలత ప్రకారం. యూబోల్టులు నాలుగు, కొత్తవి. దాని కిందే ఇంకో లైను రాయించండి. చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు వరకు టేపు పెట్టి, పని ముందు ఎంత, తర్వాత ఎంత, రెండు పక్కలా కొలిచి వేయమనండి. బండి ఎంత లేచిందో ఆ ఒక్క లైను చెబుతుంది. కొత్త భాగాలు జీఎస్టీ బిల్లుతో కొంటే, 2025 సెప్టెంబరు 22 నుంచి వాహన విడిభాగాల మీద పన్ను 18 శాతమే. పాత 28 శాతం వేస్తే అడగండి.

నెల తిరగకుండానే పట్టీ విరిగిందనుకోండి. అమ్మిన సరుకు వాపసు తీసుకోం అని గోడ మీద రాసుకున్నంత మాత్రాన దుకాణదారుడు తప్పించుకోలేడు. లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కు తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం కూడా అదే చట్టం కింద అనుచిత పద్ధతే. ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది. విరిగిన ముక్కను పాత ఇనుప సామాన్ల కొట్టుకు వేసేస్తారు, లేదా మెకానిక్ దగ్గరే వదిలేస్తారు. ఆ ముక్కే మీ సాక్షి. బండికి ఉండగానే ఫొటో తీయండి, విప్పాక ఇంటికి తెచ్చుకోండి. అవసరమైతే జిల్లా వినియోగదారుల కమిషన్ దాన్ని ప్రయోగశాలకు పంపించగలదు. ఫోన్‌పే లాంటివాటిలో చెల్లించిన రుజువు కూడా దాచుకోండి.

ముందు 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో చెప్పండి. కొన్ని తగాదాలు అక్కడే తెగిపోతాయి. తెగకపోతే కమిషన్‌కు వెళ్లవచ్చు. భాగం ఏ ఊళ్లో కొన్నా, మీరు ఉండే చోటే ఫిర్యాదు వేసుకోవచ్చు. వరంగల్లో కొన్నానే, అక్కడికి తిరగాలా అన్న దిగులు వద్దు. 5 లక్షల లోపు చెల్లింపులకు ఫీజు లేదు, వకీలును పెట్టుకోవాలన్న నియమమూ లేదు. గడువు రెండేళ్లు. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. దానికి 15100. పలిమెల, మహాముత్తారం వైపు పాఠకులు ఈ నంబరు రాసి పెట్టుకోవాలి.

ఇంకో తగాదా కూడా తరచూ వింటుంటాను. రెండు బుష్‌లు వేయమంటే మెకానిక్ బండి సగం విప్పి, మూడింతలు బిల్లు వేసి, డబ్బు కడితేనే తాళం అంటాడు. భారత ఒప్పందాల చట్టం, 1872లోని 170వ సెక్షన్ ప్రకారం చేసిన పనికి రావాల్సిన కూలి కోసం బండిని ఆపుకునే హక్కు ఆయనకుంది. కానీ అది మీరు అప్పగించిన పనికే. చెప్పని పనికి బండిని పట్టుకోవడం కుదరదు. అందుకే బండి ఇచ్చేటప్పుడే ఏం చేయాలో, ఎంతవుతుందో, అదనంగా ఏదైనా తేలితే ఫోన్ చేసి అడగాలని వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టండి. అయినా పట్టుబడితే, అభ్యంతరంతో చెల్లిస్తున్నాను అని రాసి డబ్బు కట్టి బండి తెచ్చుకుని, తర్వాత ఫిర్యాదు చేయండి. షెడ్డు దగ్గర కొట్లాడితే వచ్చేది లేదు.

మీరు పొలానికే వాడతానన్నారు కాబట్టి ఇన్సూరెన్స్ గురించి క్లుప్తంగానే. పాత బండ్లకు ఎక్కువగా ఉండేది థర్డ్ పార్టీయే. సొంత నష్టానికి కూడా పాలసీ ఉంటే, మార్పు ఏదైనా కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి. చెప్పకపోతే క్లెయిము రోజున అదే సాకవుతుంది. తిరస్కరిస్తే ఏడాదిలోగా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు ఖర్చు లేకుండా ఫిర్యాదు చేయవచ్చు. ఇక తెల్ల నంబరు ప్లేటుతో పత్తి ఏరే కూలీలనో, కాళేశ్వరం యాత్రికులనో కిరాయికి ఎక్కించుకుంటే అది వేరే కథ. దానికి పర్మిట్ కావాలి. ఎన్ని పట్టీలు ఎక్కించినా ఆర్‌సీలో రాసిన బరువు, సీట్లు పెరగవు. పసుపు ప్లేటుతో స్వయంగా తోలుకుని బతికేవారికి మాత్రం ఒక మాట: వ్యాపారానికి కొన్నారు కాబట్టి మీరు వినియోగదారులు కారు అని దుకాణదారుడు వాదిస్తే బెదరకండి. స్వయం ఉపాధికి కొన్నవారు వినియోగదారులేనని చట్టంలోనే ఉంది, 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు అదే చెప్పింది.

కాబట్టి మీ మెకానిక్‌కు లిఫ్ట్ వద్దని చెప్పి, గాలి, బుష్‌లు, కమాన్ కట్టలు ఆ వరుసలో చూపించండి. కొత్త యూబోల్టులు కొన్నాళ్లకు కొంచెం వదులవుతాయి కాబట్టి, రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగాక ఒకసారి బిగింపు చూపించండి. ఆర్‌సీ తీసి గడువు తేదీ చూసుకోండి. గడువుకు 60 రోజుల ముందు నుంచి ఫారం 25తో పొడిగింపుకు దరఖాస్తు చేయవచ్చు. బండిని చూపించడానికి పోయే రోజున కమాన్ల బిల్లును ఆర్‌సీ కవరులోనే పెట్టుకుని పోండి.